పేరు లేని ఫంక్షన్ ఎక్కడ చాలు, ఎక్కడ పేరు పెట్టి తీరాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్లు, అంటే పైథాన్‌లో లాంబ్డా, జావాస్క్రిప్ట్‌లో యారో ఫంక్షన్, రాయడం మీకు వచ్చు. కానీ అదే పని మామూలుగా పేరు పెట్టిన ఫంక్షన్‌తోనూ అయిపోతున్నప్పుడు ఈ పేరు లేనివి ఎందుకో తెలియడం లేదు. మీరు పెట్టిన కోడ్‌లో రెండు లాంబ్డాలున్నాయి. ఒకటి ఆర్డర్లను తేదీ ప్రకారం సార్ట్ చేస్తుంది. రెండోది నాలుగు షరతులు చూసి రీఫండ్ ఇవ్వాల్సిన ఆర్డర్లను ఏరుతుంది. రివ్యూలో ఒకరేమో "బాగానే ఉంది, ఉంచు" అన్నారు, ఇంకొకరు "లాంబ్డాలు తీసేసి పేర్లు పెట్టు" అన్నారు. ఎవరి మాట వినాలి, వీటివల్ల స్పీడ్ ఏమైనా పెరుగుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను: ఫంక్షన్‌ని ఒక్కచోటే వాడుతూ, చదవగానే ఏం చేస్తుందో తెలిసిపోతుంటే పేరు అక్కర్లేదు. పేరు పెడితే కోడ్‌లో కనిపించని సంగతి ఏదైనా తెలిసేటట్టుంటే పెట్టండి. స్పీడ్ కోసం మాత్రం వీటిని ఎంచుకోవద్దు. సీ ప్లస్ ప్లస్‌లో కొంచెం వేరే కథ ఉంది, అది చివర్లో చెప్తాను.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. వేరేవాళ్ల కోడ్ చాలా ఏళ్లుగా రివ్యూ చేస్తున్నవాడిగా నేను చెప్పాల్సింది ఇంకోటుంది. పేరు లేకపోవడం అసలు పెద్ద విషయమే కాదు. పేరులేని ఫంక్షన్ల మీద జనం వేసే నిందల్లో చాలావాటికి మూలం రెండు సంగతుల్లో ఉంటుంది. ఫంక్షన్ కూడా అంకెలాగా, స్ట్రింగ్‌లాగా ఒక విలువే అన్నది మొదటిది. ఆ ఫంక్షన్ తాను పుట్టినచోట ఉన్న వేరియబుల్స్‌ని పట్టుకుని తిరుగుతుందన్నది రెండోది. ఈ రెండూ పేరున్న ఫంక్షన్లకీ వర్తిస్తాయి. పేరు పెట్టినంత మాత్రాన ఆ సమస్యలు పోవు. అందుకే రివ్యూలో "పేరు పెట్టు" అని ఎవరన్నా, ఎందుకు పెట్టమంటున్నారో అడగడం మంచిది.

కింద కోడ్ ముక్కలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, కీవర్డ్‌లు చూడగానే గుర్తుపడతారు.

విలువ అంటే

ఒక ఫంక్షన్‌కి 5 అనే అంకె పంపాలంటే, ముందు దానికి "ఐదు" అని వేరియబుల్ చేసి ఆ వేరియబుల్‌ని పంపం. నేరుగా 5 అని రాసేస్తాం. ఫంక్షన్ కూడా విలువే అయినప్పుడు దాన్నీ అలా నేరుగా రాసే వీలుండాలి కదా. ఆ వీలే పేరులేని ఫంక్షన్. మీ సార్ట్ లైన్ ఇలా ఉంది:

`ఆర్డర్లు.సార్ట్(కీ=లాంబ్డా ఆ: ఆ.తేదీ)`

దీన్ని పేరుతో రాస్తే పైన ఎక్కడో "ఆర్డర్_తేదీ_ఇవ్వు" అనే ఫంక్షన్ పెట్టి, దాని లోపల ఆ.తేదీ రిటర్న్ చేసి, ఇక్కడ ఆ పేరు వాడాలి. చదివేవాడు పైకి వెళ్లి అదేంటో చూసి, "ఓహో తేదీ ఇస్తుందా" అనుకుని తిరిగి రావాలి. పేరు చెప్పింది ఏంటి? కోడ్ చెప్పిందే. కాబట్టి ఇక్కడ లాంబ్డా సరైనదే.

రెండోది వేరు. క్యాన్సిల్ అయి ఉండాలి, డబ్బు కట్టి ఉండాలి, ముప్పై రోజులు దాటకూడదు, ఇంతకుముందు రీఫండ్ అయి ఉండకూడదు. ఇవన్నీ కలిపితే "రీఫండ్‌కి అర్హత ఉందా" అనే బిజినెస్ రూల్ అవుతుంది. ఆ మాట మీ కోడ్‌లో ఎక్కడా లేదు, నాలుగు షరతులూ చదివి ఊహించుకోవాలి. పైగా రేపు ఈ రూల్ మారుతుంది. ఇంకో రెండుచోట్ల ఇదే కావాల్సి వస్తుంది. దీనికొక్కదానికే టెస్ట్ రాయాలనిపిస్తుంది. పేరు లేకపోతే టెస్ట్ నుంచి దాన్ని పిలవడమే కుదరదు. దీనికి "రీఫండ్‌కి_అర్హమా" అని పేరు పెట్టి బయటికి తీయండి. అంటే మీ ఇద్దరు రివ్యూయర్లూ సగం సగం రైటు.

ఇక `చదరం = లాంబ్డా ఎక్స్: ఎక్స్ * ఎక్స్` అని లాంబ్డా రాసి వెంటనే దానికి పేరు తగిలించే అలవాటు కొందరికి ఉంటుంది. పైథాన్ స్టైల్ గైడ్ పెప్ 8 దీన్ని వద్దంటుంది, నేనూ వద్దంటాను. ఎలాగూ పేరు పెడుతున్నారు కదా, పేరున్న ఫంక్షన్ రాసే మామూలు డెఫ్‌తోనే రాసేయండి. డెఫ్‌తో రాస్తే ఎర్రర్ వచ్చినప్పుడు ట్రేస్‌బ్యాక్‌లో (తప్పు ఎక్కడ జరిగిందో చూపే జాబితాలో) "చదరం" అని కనిపిస్తుంది. లాంబ్డా అయితే, దాన్ని ఏ వేరియబుల్‌లో పెట్టినా, ట్రేస్‌బ్యాక్‌లో ఉత్త "లాంబ్డా" అనే వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఈ బాధ తక్కువ. కాన్స్ట్‌తో వేరియబుల్‌కి అప్పజెప్పిన యారో ఫంక్షన్‌కి ఆ వేరియబుల్ పేరే వచ్చేస్తుంది. నేరుగా ఆర్గ్యుమెంట్‌గా పంపిన దానికే పేరు ఖాళీగా ఉంటుంది.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి

చరిత్ర క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే భాషల మధ్య తేడాలు అర్థం కావడానికి పనికొస్తుంది. లాంబ్డా అనే గుర్తు 1930లలో అలోంజో చర్చ్ అనే గణిత తార్కికుడు తయారుచేసిన లాంబ్డా కాల్కులస్ నుంచి వచ్చింది. జాన్ మెకార్థీ 1958లో లిస్ప్ భాష మొదలుపెట్టినప్పుడు ఆ మాటనే తీసుకున్నారు. కానీ అప్పటి లిస్ప్‌లో ఫంక్షన్ లోపలి వేరియబుల్‌ని అది పుట్టినచోట కాకుండా పిలిచినచోట వెతికేవారు. పుట్టినచోటే వెతకాలన్న పద్ధతిని లిస్ప్ కుటుంబంలో గట్టిగా నిలబెట్టింది 1975లో వచ్చిన స్కీమ్. ఫంక్షన్, దానితోపాటు అది పట్టుకున్న వేరియబుల్స్, ఈ రెండింటి జంటకు క్లోజర్ అని పేరు పెట్టింది పీటర్ లాండిన్, 1964లో.

మరి మామూలు ప్రోగ్రామర్ల చేతికి రావడానికి ఎందుకంత ఆలస్యమైంది? పైథాన్‌లో లాంబ్డా 1994లో 1.0 వెర్షన్ నాటికే ఉంది కానీ సీ ప్లస్ ప్లస్‌కి 2011 స్టాండర్డ్‌తో, జావాకి 2014లో 8వ వెర్షన్‌తో గానీ రాలేదు. అడ్డంకి పేరు కాదు, పట్టుకున్న వేరియబుల్స్. మామూలుగా ఫంక్షన్ ముగియగానే దాని లోకల్ వేరియబుల్స్ స్టాక్ అనే తాత్కాలిక మెమరీ మీంచి పోతాయి. దాని లోపల పుట్టిన చిన్న ఫంక్షన్ బయటికి వెళ్లి, ఇంకా ఆ వేరియబుల్స్ కావాలంటే వాటిని ఎక్కడ దాచాలి, ఎవరు ఎప్పుడు తీసేయాలి? దీనికి ఒక్కో భాష ఒక్కో జవాబు చెప్పుకుంది. మీరు ఎదుర్కోబోయే తికమకల్లో చాలావరకు ఆ జవాబుల దగ్గరే పుడతాయి.

లూప్‌లో పుట్టిన ఫంక్షన్లు

ఇది ఒక్కటి బాగా అర్థమైతే మిగతాదంతా తేలిక, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. ఈ ముక్క చూడండి:

`పనులు = [లాంబ్డా: ఐ ఫర్ ఐ ఇన్ రేంజ్(3)]`

ఇందులో మూడు ఫంక్షన్లున్నాయి. మూడింటినీ పిలిస్తే 0, 1, 2 వస్తాయనుకుంటాం. వచ్చేది 2, 2, 2. కొత్తగా చూసినవాళ్లు లాంబ్డాలో బగ్ అనుకుంటారు. అదే లూప్‌లో డెఫ్‌తో పేరు పెట్టి రాసినా ఇదే వస్తుంది, ఒకసారి చేసి చూడండి.

ఎందుకంటే ఫంక్షన్ పట్టుకునేది విలువని కాదు, వేరియబుల్‌ని. ఇంటికి వచ్చిన చుట్టం ఫోటో దాచుకోవడం వేరు, ఆ ఇంటి అడ్రస్ రాసుకోవడం వేరు. అడ్రస్ రాసుకున్నవాడు ఎప్పుడు వెళ్తే అప్పుడు ఉన్నవాళ్లే కనిపిస్తారు. ఆ మూడు లాంబ్డాల దగ్గరా ఉన్నది ఒకే ఐ అడ్రస్. మనం పిలిచే సమయానికి లూప్ అయిపోయి ఐలో 2 ఉంది.

ఒక డాష్‌బోర్డ్ ప్రాజెక్టులో ఇదే చూశాను. వరసగా బటన్లు, ఒక్కోటి ఒక్కో రిపోర్ట్ తెరవాలి. ఏది నొక్కినా చివరి రిపోర్టే తెరుచుకుంటోంది. ఆ టీమ్ వాళ్లు రిపోర్ట్ లోడ్ చేసే కోడంతా గాలించారు, క్యాష్ తీసేశారు, సర్వర్ లాగ్‌లు చూశారు. తప్పు అక్కడ ఏమీ లేదు. బటన్లు కట్టే లూప్‌లో ఒక్క లాంబ్డా ఉంది, అంతే. "ఏది నొక్కినా చివరిదే వస్తోంది" అని ఎవరైనా అంటే ముందు లూప్ లోపల ఫంక్షన్ ఉందేమో చూడండి. ఈ లక్షణానికి వేరే కారణం ఉండటం నేను చాలా అరుదుగా చూశాను.

పైథాన్‌లో అందరూ చేసే మందు డీఫాల్ట్ ఆర్గ్యుమెంట్: `లాంబ్డా ఐ=ఐ: ఐ`. డీఫాల్ట్ విలువని ఫంక్షన్ పుట్టినప్పుడే లెక్కకట్టి దాచుకుంటుంది కాబట్టి అప్పటి ఐ నిలిచిపోతుంది. చూడ్డానికి వింతగా ఉంటుంది, పైగా పిలిచేవాడు పొరపాటున ఆర్గ్యుమెంట్ పంపితే అది దీని మీద పడుతుంది. కొన్ని యూఐ లైబ్రరీలు బటన్ నొక్కినప్పుడు తమంతట తామే ఒక విలువ పంపుతాయి, అక్కడ ఈ మందు వికటిస్తుంది. ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లోని పార్షియల్ (ఆర్గ్యుమెంట్‌ని ముందే నింపి ఉంచేది) వాడితే ఉద్దేశం స్పష్టంగా ఉంటుంది. నాకు అదే ఇష్టం. కాకపోతే అక్కడా లైబ్రరీ అదనంగా పంపే విలువని తీసుకోవడానికి మీ ఫంక్షన్‌లో చోటుండాలి.

జావాస్క్రిప్ట్‌లో లూప్ వేరియబుల్‌ని పాత వార్ కీవర్డ్‌తో రాస్తే ఇదే గొడవ. 2015లో వచ్చిన లెట్‌తో రాస్తే ఫర్ లూప్ ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్ చేస్తుంది, సమస్య ఉండదు. సీ షార్ప్ వాళ్లు 2012లో 5వ వెర్షన్‌లో ఫర్‌ఈచ్‌ని ఇలా మార్చారు, మామూలు ఫర్‌ని అలాగే వదిలేశారు. గో భాష వాళ్లు మరీ ఆలస్యంగా, 2024 ఫిబ్రవరిలో వచ్చిన 1.22లో మార్చారు. అదీ మీ మాడ్యూల్ ఫైల్‌లో 1.22 లేదా ఆపై వెర్షన్ అని రాసి ఉంటేనే. వాడుకలో ఉన్న భాష అర్థాన్ని మార్చడమంటే చిన్న విషయం కాదు, అయినా మార్చారంటే ఎంతమంది దెబ్బతిని ఉండాలి! 2020లో వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సుమారు 30 లక్షల సర్టిఫికెట్లను రద్దు చేయాల్సి ఉందని ప్రకటించడానికి కారణమైన గో బగ్ కూడా ఈ జాతిదే. అక్కడ పట్టుకున్నది ఫంక్షన్ కాదు, నేరుగా లూప్ వేరియబుల్ అడ్రస్. మూలం ఒకటే.

జావా అసలు ఈ గొడవే పెట్టుకోలేదు. లాంబ్డా లోపల వాడే లోకల్ వేరియబుల్‌కి ఒకసారి విలువ ఇచ్చాక మళ్లీ మార్చకూడదు, మార్చితే కంపైలరే ఒప్పుకోదు. లోపల ఉంచేది కాపీ కాబట్టి, బయట మారితే లోపల మారకుండా తికమక అవుతుందని ఈ కట్టుబాటు. దాన్ని తప్పించుకోవడానికి ఒకే ఒక్క గది ఉన్న అర్రే చేసి, దాని లోపలి విలువ మార్చే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. కంపైలర్ నోరు మూయించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ లాంబ్డా వేరే థ్రెడ్‌లో, అంటే సమాంతరంగా సాగే ఇంకో వరసలో, నడిచిందంటే లెక్క తప్పుతుంది.

సీ ప్లస్ ప్లస్‌లో ఏది పట్టుకోవాలో, కాపీగానా రిఫరెన్స్‌గానా అన్నది చదరపు బ్రాకెట్లలో మీరే రాయాలి. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా నాకు ఈ పద్ధతి నచ్చుతుంది, అన్నీ కళ్లముందే ఉంటాయి. కానీ ఆంపర్సాండ్ ఒక్కటి పెట్టి "అన్నీ రిఫరెన్స్‌గా పట్టుకో" అని రాసి, ఆ లాంబ్డాని వేరే థ్రెడ్‌కో క్యూకో ఇచ్చేస్తే ప్రమాదమే. అది నడిచే సమయానికి అసలు ఫంక్షన్ ముగిసిపోయి ఉంటుంది, రిఫరెన్స్‌లు పోయిన మెమరీని చూపిస్తుంటాయి. టెస్ట్‌లో బాగానే నడుస్తుంది, ప్రొడక్షన్‌లో ఎప్పుడో ఒకసారి పడిపోతుంది. వెంటనే అక్కడికక్కడే నడిచే లాంబ్డాకే రిఫరెన్స్, తర్వాత ఎప్పుడో నడిచేదానికి ఏం కావాలో పేరుపేరునా కాపీ. ఇంకో మెలిక కూడా ఉంది. క్లాస్ లోపల ఈక్వల్ గుర్తు పెట్టి "అన్నీ కాపీ" అన్నా, మెంబర్లు కాపీ కావు, దిస్ పాయింటర్ (ఆ ఆబ్జెక్ట్ ఎక్కడుందో చూపే అడ్రస్) మాత్రమే కాపీ అవుతుంది. 2020 స్టాండర్డ్ ఈ చాటుమాటు వ్యవహారాన్ని వద్దని ప్రకటించింది.

రెండుసార్లు రాస్తే రెండు ఫంక్షన్లు

ఇది విలువ అన్న సంగతికి సంబంధించింది. బ్రౌజర్‌లో ఒక ఈవెంట్‌కి యారో ఫంక్షన్ తగిలించి, తర్వాత తీసేయడానికి రిమూవ్ ఈవెంట్ లిజనర్‌కి అక్షరం పొల్లుపోకుండా అదే యారో ఫంక్షన్ మళ్లీ రాస్తారు. ఎర్రర్ రాదు, లిజనర్ మాత్రం పోదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా అవి రెండు వేర్వేరు ఫంక్షన్లు. బ్రౌజర్ పోల్చేది రాతని కాదు, ఆ ఫంక్షన్ అదేనా కాదా అని. ఎర్రర్ రాకపోవడమే ఇక్కడ చిక్కు. పేజీ అటూ ఇటూ తిప్పేకొద్దీ లిజనర్లు పోగుపడి, ఒక్క క్లిక్‌కి ఒకే రిక్వెస్ట్ పదిసార్లు వెళ్లడం మొదలవుతుంది. అప్పుడు ఎవరైనా కంప్లయింట్ ఇస్తే గానీ తెలియదు.

తీసేయాల్సిన అవసరం ఉన్న ఏ కాల్‌బ్యాక్‌నైనా (తర్వాత పిలవమని ఇచ్చే ఫంక్షన్‌నైనా) ముందు ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. లేదంటే తగిలించేటప్పుడే తర్వాత రద్దు చేయడానికి వీలిచ్చే అబార్ట్ కంట్రోలర్ సిగ్నల్ ఇవ్వండి, లేదా ఒక్కసారే కావాలంటే వన్స్ ఆప్షన్ పెట్టండి. ఈ రెండు పద్ధతుల్లో పేరు లేకపోయినా నష్టం లేదు.

రియాక్ట్ అనే యూఐ లైబ్రరీలో ప్రతి రెండర్‌కీ (స్క్రీన్ భాగాన్ని మళ్లీ తయారుచేసినప్పుడల్లా) యారో ఫంక్షన్ కొత్తగా పుడుతుందని, కాబట్టి అన్నిటినీ, పాత ఫంక్షన్‌నే నిలిపి ఉంచే యూజ్ కాల్‌బ్యాక్‌లో చుట్టాలని కొందరు పట్టుబడతారు. నా మట్టుకు నాకు అది అతి. ఫంక్షన్ పుట్టడానికి అయ్యే ఖర్చు లెక్కలోకే రాదు. కింది కాంపోనెంట్ మెమోలో (ఇచ్చినవి మారితేనే మళ్లీ రెండర్ అయ్యేలా) ఉంటేనో, ఆ ఫంక్షన్ యూజ్ ఎఫెక్ట్ డిపెండెన్సీల్లో (మారితే ఎఫెక్ట్ మళ్లీ నడిచే జాబితాలో) ఉంటేనో అది మారిపోవడం వల్ల పని పెరుగుతుంది. అక్కడ చుట్టండి. మిగతాచోట్ల చుడితే కోడ్ చదవడం కష్టమవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

దిస్ సంగతి

యారో ఫంక్షన్ అంటే మామూలు ఫంక్షన్‌కి పొట్టి రూపం అనుకోవద్దు. దానికి సొంత దిస్ (ఫంక్షన్‌ని ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచామో చూపే మాట) ఉండదు, చుట్టూ ఉన్న కోడ్‌లో దిస్ ఏదైతే అదే. కాల్‌బ్యాక్‌లకి అది వరం. ఆబ్జెక్ట్ మెథడ్‌ని యారోగా రాస్తే మాత్రం దిస్ ఆ ఆబ్జెక్ట్ కాదు. న్యూతో పిలవడం కూడా కుదరదు. జావాలో కూడా ఇలాంటి తేడానే ఉంది. పాత అనానిమస్ ఇన్నర్ క్లాస్‌లో దిస్ అంటే ఆ ఇన్నర్ ఆబ్జెక్ట్, లాంబ్డాలో దిస్ అంటే బయటి క్లాస్. ఐడీఈ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) "దీన్ని లాంబ్డా చేయనా" అని అడిగినప్పుడు లోపల దిస్ ఉందేమో ఒక చూపు చూడండి.

పేరు లేకపోవడం నిజంగా ఇబ్బంది పెట్టే చోట్లు

అన్నీ క్లోజర్ మీదకే తోసేయడం లేదు, పేరు కావాల్సిన చోట్లూ ఉన్నాయి.

మొదటిది ఎర్రర్ లాగ్. ప్రామిస్‌లు, కాల్‌బ్యాక్‌లు వరసగా ఉన్న సర్వీస్‌లో రాత్రిపూట ఏదో పడిపోతే స్టాక్ ట్రేస్‌లో "అనానిమస్", "అనానిమస్", "అనానిమస్" అని నాలుగు లైన్లుంటాయి. లేదా పేరుండాల్సిన చోట ఉత్త ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. లైన్ నంబర్ ఉంది కదా అంటారు. ఆ నంబర్ ఏ వెర్షన్‌ది? సర్వర్ మీద నడుస్తున్న వెర్షన్ తెచ్చుకుని ఆ లైన్ చూసేదాకా ఏమీ తెలియదు. అదే అక్కడ "ఇన్‌వాయిస్_పంపు" అని ఉంటే లాగ్ చూస్తున్నవాడికి సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. పైథాన్‌లో 3.11 నుంచి ట్రేస్‌బ్యాక్ లైన్‌లో ఏ ముక్క దగ్గర తప్పిందో కింద గుర్తు పెట్టి చూపిస్తోంది. ఒకే లైన్‌లో రెండు లాంబ్డాలున్నప్పుడు ఇది కొంత ఆదుకుంటుంది.

రెండోది పైథాన్‌లో పికిల్, అంటే ఆబ్జెక్ట్‌ని ఫైల్‌లో దాచడానికో ఇంకో ప్రాసెస్‌కి పంపడానికో వీలైన రూపంలోకి మార్చడం. పనిని చాలా ప్రాసెస్‌లకి పంచే మల్టీప్రాసెసింగ్ పూల్‌కి లాంబ్డా ఇస్తే "దీన్ని పికిల్ చేయలేను" అని ఎర్రర్ వస్తుంది. పికిల్ ఫంక్షన్ కోడ్‌ని దాచదు. "ఫలానా మాడ్యూల్‌లో ఫలానా పేరు" అని మాత్రమే రాసుకుంటుంది, అవతలి ప్రాసెస్ ఆ పేరుతో వెతుక్కోవాలి. లాంబ్డాకి వెతికే పేరే లేదు. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఫంక్షన్ లోపల డెఫ్‌తో పేరు పెట్టి రాసినా ఇదే ఎర్రర్. మాడ్యూల్ పైస్థాయిలో ఉన్న పేరు కావాలి. ఇది ఊహించని చోట కూడా తగులుతుంది. లేని కీకి తానే విలువ ఇచ్చే డీఫాల్ట్ డిక్ట్‌ని `డీఫాల్ట్‌డిక్ట్(లాంబ్డా: 0)` అని చేసి, అందులో గంటల తరబడి లెక్కలు నింపి, చివర్లో ఫైల్‌లో పికిల్ చేయబోతే అప్పుడు ఎర్రర్. నాకు తెలిసిన ఒక టీమ్‌లో రాత్రంతా నడిచిన జాబ్ ఆఖరి లైన్‌లో ఇలాగే పోయింది. అక్కడ లాంబ్డా బదులు ఉత్త ఇంట్ అని రాస్తే చాలు, ఇంట్‌ని పిలిస్తే 0 వస్తుంది, పికిల్ కూడా అవుతుంది.

మూడోది రికర్షన్. తనని తాను పిలుచుకోవాలంటే పేరు ఉండాలి. వై కాంబినేటర్ అనే లాంబ్డా కాల్కులస్ కిటుకుతో పేరు లేకుండానే చేయొచ్చని థియరీ చెప్తుంది. నేర్చుకోవడానికి సరదాగా ఉంటుంది, కానీ రివ్యూకి పంపకండి. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ ఎక్స్‌ప్రెషన్‌కే లోపల ఒక పేరు ఇచ్చుకోవచ్చు. గోలో అయితే వేరియబుల్‌ని ముందు వేరే లైన్‌లో డిక్లేర్ చేసి, తర్వాత ఫంక్షన్ అప్పజెప్పాలి.

మెమరీ

ఫంక్షన్ బతికున్నంతకాలం అది పట్టుకున్నవీ బతికే ఉంటాయి. ఒక పెద్ద ఫైల్ చదివి, అందులోంచి ఒక్క సంఖ్య తీసుకుని, ఆ సంఖ్య వాడే కాల్‌బ్యాక్‌ని టైమర్‌కి ఇచ్చారనుకోండి. కాల్‌బ్యాక్‌లో `డేటా.మొత్తం` అని రాస్తే ఫైల్ డేటా అంతా మెమరీలో ఉండిపోతుంది. ముందే `మొత్తం`ని వేరే వేరియబుల్‌లోకి తీసుకుని అది మాత్రమే వాడితే మిగతాది పోవాలి. పోవాలి అని ఎందుకన్నానంటే, క్రోమ్‌లో, నోడ్‌లో ఉండే వీ8 ఇంజిన్‌లో ఒకే స్కోప్‌లో పుట్టిన ఫంక్షన్లన్నీ పట్టుకున్న వేరియబుల్స్‌ని ఒకే చోట పంచుకుంటాయి. పక్కనే ఇంకో ఫంక్షన్ ఆ డేటాని వాడుతుంటే, మీ చిన్న కాల్‌బ్యాక్ దాన్ని ముట్టుకోకపోయినా అది పోదు. మెమరీ తగ్గడం లేదనిపిస్తే హీప్ స్నాప్‌షాట్ (మెమరీలో ఏమేం ఉన్నాయో చూపేది) తీసి రిటెయినర్స్ దగ్గర చూడండి, ఎవరు పట్టుకున్నారో కనిపిస్తుంది.

స్పీడ్ గురించి

పైథాన్‌లో లాంబ్డా అయినా డెఫ్ అయినా తయారయ్యేది ఒకే రకం ఫంక్షన్ ఆబ్జెక్ట్, లోపల ఒకే లెక్క ఉంటే స్పీడ్ కూడా ఒకటే. డిస్ మాడ్యూల్‌తో రెండింటి బైట్‌కోడ్ (పైథాన్ నిజంగా నడిపే ఆదేశాలు) పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. తేడా వచ్చేది వేరే చోట. మ్యాప్‌కి లాంబ్డా ఇస్తే ప్రతి ఎలిమెంట్‌కీ ఒక ఫంక్షన్ కాల్ పడుతుంది. అదే లెక్క లిస్ట్ కాంప్రహెన్షన్‌లో (చదరపు బ్రాకెట్లలోనే ఫర్ రాసే పద్ధతిలో) రాస్తే ఆ కాల్స్ ఉండవు కాబట్టి సాధారణంగా అదే ఎక్కువ వేగంగా నడుస్తుంది, చదవడానికీ సుఖం. పైథాన్ 3 కోసం సన్నాహాలు జరుగుతున్నప్పుడు, 2005లో, పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ లాంబ్డాని భాషలోంచి తీసేద్దామనుకోవడానికి వెనకున్నది కూడా ఇలాంటి ఆలోచనే: కాంప్రహెన్షన్లు వచ్చాక దాని పని చాలావరకు తగ్గిపోయింది. జనం ఒప్పుకోలేదు, ఉంచేశారు.

జావాలో ఏమీ పట్టుకోని లాంబ్డాకి సాధారణంగా ఒకే ఆబ్జెక్ట్‌ని మళ్లీ మళ్లీ వాడతారు, ఏదైనా పట్టుకుంటే కొత్త ఆబ్జెక్ట్ పుడుతుంది. మామూలు అప్లికేషన్లలో ఇది పట్టించుకోనక్కర్లేదు.

సీ ప్లస్ ప్లస్‌లో మాత్రం తేడా నిజం. అక్కడ ప్రతి లాంబ్డాకీ తనదైన ప్రత్యేక టైప్ ఉంటుంది. సార్ట్ లాంటి టెంప్లేట్‌కి (ఇచ్చిన టైప్‌ని బట్టి కంపైలర్ కోడ్ తయారుచేసే ఫంక్షన్‌కి) లాంబ్డా ఇస్తే ఏ కోడ్ నడవాలో కంపైలర్‌కి ఖచ్చితంగా తెలుసు, ఆ పోలికని కాల్ లేకుండా లూప్‌లోకే ఇన్‌లైన్ చేసేస్తుంది. అదే పేరున్న ఫంక్షన్‌ని పాయింటర్‌గా ఇస్తే చాలాసార్లు ప్రతి పోలికకీ నిజమైన కాల్ పడుతుంది. లక్షల ఎలిమెంట్లు సార్ట్ చేసేటప్పుడు ఇది కొలిస్తే కనిపించే తేడా. అయితే ఆ లాంబ్డాని స్టాండర్డ్ లైబ్రరీ ఫంక్షన్ టైప్‌లో పెట్టి పంపితే ఈ లాభం దాదాపు పోతుంది, ఎందుకంటే ఆ పెట్టె అసలు టైప్‌ని దాచేస్తుంది. మీది పైథాన్ కాబట్టి ఇదంతా మీకు అక్కర్లేదు. సార్ట్ లైన్ అలాగే ఉంచి, రీఫండ్ షరతులకి పేరు పెట్టి, ఆ ఫంక్షన్‌ని మాడ్యూల్ పైస్థాయిలో రాయండి. రేపు ఆర్డర్లు ఎక్కువై మల్టీప్రాసెసింగ్ పెట్టాల్సి వచ్చినా దాన్ని కదపాల్సిన పని ఉండదు.